వైద్యవృత్తి — రాజానుజ్ఞ



మహాసభా సంచికకు మన కులవృత్తుల చరిత్రమునుగూర్చి యొక వ్యాసము వ్రాయుడని కార్యనిర్వాహకులు మమ్ము కోరిరి. మన వృత్తులు మూడని పెద్దలు చెప్పుదురు: క్షౌరము, మంగళవాద్యము, వైద్యము. మొదటి రెంటినిగూర్చి మనవారు తఱచుగా వ్రాయుచునే యున్నారు. మూడవదానిని ప్రస్తావించునపుడు మాత్రము రెండు మాటలు చెప్పి యూరకుందురు. “మన పూర్వులు శస్త్రవైద్యులు, మన స్త్రీలు మంత్రసానులు” అనునది మొదటి మాట. “ప్రభుత్వము చట్టములు చేసి యా వృత్తిని మనచేతినుండి లాగికొన్నది” అనునది రెండవ మాట. ఇందు మొదటిది సత్యము. రెండవది అర్ధసత్యము. అర్ధసత్యమును నమ్మి నడచువారు దారి తప్పుదురు గావున, వైద్యవృత్తికి ప్రభుత్వము నియమము లేల కల్పించెనో, అవి యెట్లు పెరిగెనో, వానివలన లోకమునకు కలిగిన లాభమెట్టిదో, మనకు కలిగిన నష్టమెట్టిదో యథాశక్తి విచారించెదము.

ప్రాచీనశాస్త్రముల మతము

అనుమతి లేక వైద్యము చేయరాదనుట ఆంగ్లేయులు తెచ్చిన నియమమని పలువురి యభిప్రాయము. అది సరికాదు. సుశ్రుతసంహితలోని సూత్రస్థానమున పదియవ యధ్యాయము వైద్యుడు వృత్తిలో ప్రవేశించు విధానమును చెప్పుచున్నది. శాస్త్రమును చదివి, దాని యర్థమును గ్రహించి, చికిత్సాకర్మలను కన్నులార చూచి, తానును చేసి యభ్యసించి, పిమ్మట రాజానుజ్ఞ పొందినవాడే వైద్యమునకై వీథిలో నడుగిడవలెను. అట్టివాడు గోళ్లను వెండ్రుకలను కత్తిరించుకొని, శుచియై, తెల్లని వస్త్రమును ధరించి యుండవలెను. పాఠము, ప్రత్యక్షదర్శనము, అభ్యాసము, అనుమతి — ఈ నాలుగంగములే నేటి వైద్యవిద్యాశాసనములకును పునాది.

అభ్యాస మనగా నెట్టిదో దానికి ముందటి యధ్యాయము వివరించుచున్నది. గుమ్మడి, సొర, దోస మొదలగు కాయలపై కోతను నేర్వవలెను. తామరతూండ్లపైనను చచ్చిన పశువుల సిరలపైనను సిరావేధమును నేర్వవలెను. రోమములుగల చర్మముపై గీఱుటయు, పురుగు తొలిచిన కొయ్యపై శలాకతో వెదకుటయు, పనసతొనల గుజ్జునుండి శల్యమును తీయుటయు, దళసరి వస్త్రముపై కుట్టుటయు నభ్యసింపవలెను. రోగి దేహముపై నేర్చికొనరాదు, నేర్చిన పిమ్మటనే రోగిని తాకవలె నని దీని తాత్పర్యము.

శాస్త్రము మాత్రమే చదివి చేతిపని యెఱుగనివాడు రోగిని చూచి, యుద్ధరంగమున పిఱికివానివలె దిగ్భ్రమ చెందునని సుశ్రుతుడు చెప్పెను. చేతిపని మాత్రమే నేర్చి శాస్త్ర మెఱుగనివాడు సజ్జనుల మన్నన పొందడనియు, రాజదండనకు పాత్రుడనియు చెప్పెను. ఈ యిరువురును ఒక రెక్క మాత్రమే కల పక్షులవంటివారట! మఱియొక సంగతియు నచ్చట కలదు. లోభముచేత జనులను చంపు కువైద్యుడు దేశమున తిరుగుచున్న యెడల నది రాజుయొక్క దోషమే యని యాతని నిర్ణయము. ప్రజారక్షణము ప్రభుత్వధర్మమను సిద్ధాంతమును ఇంతకంటె స్పష్టముగా చెప్పనక్కఱలేదు.

చరకసంహిత వైద్యులను మూడు తెగలుగా విభజించినది. మందులపెట్టెలు మొదలగు వేషసామగ్రిచే వైద్యుడని పేరు సంపాదించువాడు ఛద్మచరుడు. కీర్తియు జ్ఞానమును గలవారి పేరు చెప్పికొని బ్రతుకువాడు సిద్ధసాధితుడు. శాస్త్రజ్ఞానమును ప్రయోగజ్ఞానమును సిద్ధియు గలవాడే నిజమైన వైద్యుడు. మొదటి రెండు తెగలవారును నేడు మన వీథులలో కనబడుచునే యున్నారని చదువరులకు వేఱుగ చెప్పనేల?

ధర్మశాస్త్రకారులు దండనములనుగూడ విధించిరి. తప్పుడు చికిత్స చేసిన వైద్యునకు, పశువులయెడ నైనచో ప్రథమసాహసదండమును, మనుష్యులయెడ నైనచో మధ్యమసాహసదండమును మనువు చెప్పెను. యాజ్ఞవల్క్యుడు రాజపురుషులయెడ నైనచో ఉత్తమసాహసమని చేర్చెను. కౌటిల్యుని యర్థశాస్త్రమున, ప్రాణాపాయకరమగు వ్యాధిని అధికారులకు తెలుపకయే చికిత్స చేయగా రోగి మరణించిన యెడల వైద్యునకు ప్రథమసాహసమును, చికిత్సాదోషముచే మరణించిన యెడల మధ్యమసాహసమును విధింపబడినవి. రాజపురుషుని ప్రాణమునకు హెచ్చు వెల, సామాన్యుని ప్రాణమునకు తక్కువ వెల కట్టిన యాజ్ఞవల్క్యుని తారతమ్యమును నేటి చట్టము లంగీకరింపవు. అది మానవజాతి పొందిన యభ్యుదయమే.

శాస్త్ర మొకచోట, హస్త మొకచోట

ఇంత యుత్తమమగు సిద్ధాంతము గల దేశమున శస్త్రచికిత్స యేల క్షీణించెను? ఒక ముఖ్యకారణము ధర్మశాస్త్రములలోనే కలదు. వైద్యుని యన్నము తినరాదని మనుస్మృతి నిషేధించినది. రక్తమును చీమును తాకు చేయి యపవిత్రమని తలచిన సంఘమున, పండితుడు గ్రంథమును తనయొద్ద నుంచుకొని కత్తిని విడిచిపెట్టెను. ఆ కత్తి మన పూర్వుల చేతికి వచ్చెను. గ్రంథము మాత్రము రాలేదు. సుశ్రుతుడు చెప్పిన పక్షియొక్క రెక్కలు రెండును రెండు కులములకు పంచిపెట్టబడినవి.

1909వ సంవత్సరమున ఎడ్గార్ థర్స్టన్ ప్రకటించిన దక్షిణహిందూదేశ కులముల గ్రంథమున మంగలివారు క్షౌరకులు, వాద్యకారులు మాత్రమే కాక శస్త్రవైద్యులనియు, వారి స్త్రీలు మంత్రసానులనియు తెలుగుదేశపు వాడుక నమోదు కాబడినది. కురుపులు కోయుట, పుండ్లకు కట్లు కట్టుట, కొమ్ముపెట్టి చెడునెత్తురు తీయుట, జలగలు పట్టించుట, పురుడు పోయుట — ఇవి మనవారి పనులు. అర్ధరాత్రమున పిలుపు వచ్చినను, వానలోనైనను పోయి, ఏ కులమువారి యింటనైనను ప్రసవవేదన పడు తల్లిని మన మంత్రసానులు కాచికొనిరి. ప్రతిఫలము కొన్ని గింజలు, పాతచీర. బిడ్డ భూమిపై పడగానే తాకిన చేయి వారిదే. పురుడు తీరిన పిమ్మట అంటరాదని యింటివారు తొలగించిన చేయియు వారిదే.

ఈ సేవను పొగడుట మన ధర్మము. సత్యమును దాచుట మాత్రము ధర్మము కాదు. గడ్డము గీసిన కత్తితోనే కురుపు కోయుట, శుద్ధిచేయని కొడవలితోనో కత్తితోనో బొడ్డు కోయుట, బొడ్డుపై బూడిదయో పేడయో వేయుట — ఇవి దేశమున పలుచోట్ల నడచిన యాచారములు. వీనివలన ధనుర్వాతము కలిగి యసంఖ్యాకముగ శిశువులు మరణించిరి. తల్లులు సూతికాజ్వరముచే మరణించిరి. మన స్త్రీలయందు దయ లేకపోలేదు, నేర్పు లేకపోలేదు. కంటికి కనబడని సూక్ష్మక్రిములను గుఱించి వారికి చెప్పినవా రెవ్వరును లేరు.

ఈ యజ్ఞానము మనకు మాత్రమే కల దనుకొనరాదు. ఐరోపాఖండమున వియన్నానగర ప్రసూతి వైద్యశాలలో రెండు విభాగము లుండెడివి. ఒకదానిలో వైద్యవిద్యార్థులును, రెండవదానిలో మంత్రసానులును పనిచేయుచుండిరి. 1841 మొదలు 1846 వఱకు వైద్యుల విభాగమున నూటికి పదిమందికి సమీపముగను, మంత్రసానుల విభాగమున నూటికి నలుగురికి సమీపముగను తల్లులు మరణించిరి. శవములను కోసిన చేతులతోనే వైద్యులు ప్రసవములు చేయుటయే దీనికి కారణమని సెమ్మెల్‌వైస్ అను వైద్యుడు గ్రహించి, 1847లో క్లోరినుసున్నపు నీటితో చేతులు కడుగవలెనని నియమించెను. మఱుసటి సంవత్సర మా విభాగమున మరణములు నూటికొకటికి దిగినవి. పట్టము గలవాని చేయి యైనను కడుగని యెడల విషతుల్యమనియు, నియమము పాటించిన చేయి యెవరిదైనను ప్రాణదాయకమనియు దీనివలన తేలుచున్నది.

ఆంగ్లదేశపు క్షురకవైద్యులు

మన చరిత్రమును పోలిన చరిత్ర మింగ్లండుదేశమున కలదు. అచ్చటను క్షురకులే శస్త్రవైద్యులు. 1512లో ఎనిమిదవ హెన్రీరాజు కాలమున పార్లమెంటు, బిషప్పుచే పరీక్షింపబడి యనుమతి పొందనివాడు వైద్యముగాని శస్త్రచికిత్సగాని చేయరాదని శాసించినది. 1540లో లండను క్షురకులను శస్త్రవైద్యులను ఒకే సంఘముగా చేర్చిరి. ఆ చట్టమునందే క్షురకులు దంతములు తీయుట తప్ప వేఱు శస్త్రకర్మ చేయరాదనియు, శస్త్రవైద్యులు క్షౌరము చేయరాదనియు కలదు. శరీరనిర్మాణమును నేర్చుటకై యా సంఘమునకు ప్రతివత్సరము నలుగురు మరణశిక్షితుల శవముల నిచ్చిరి. 1745లో శస్త్రవైద్యులు విడిపోయి వేఱు సంఘము పెట్టుకొనిరి. 1800లో నది రాజకీయ శస్త్రవైద్యకళాశాల యయ్యెను. క్షురకుని సోదరుడు పండితు డయ్యెను.

ఫ్రాన్సుదేశమున ఆంబ్రోజ్ పారే యను క్షురకవైద్యుడు పదునాఱవ శతాబ్దమున నలుగురు రాజులకు శస్త్రవైద్యు డయ్యెను. తుపాకిగాయములను కాగుచున్న నూనెతో కాల్చు క్రూరపద్ధతిని మాన్పించినవా డాయనయే. లాటిను రాదని పండితులు పరిహసింపగా, తన యనుభవమును స్వభాషలో 1545లో గ్రంథముగా ప్రకటించెను. చేతిపనికి శాస్త్రము తోడైన యెడల క్షురకుని బిడ్డ యెంతటివాడు కాగలడో యిందువలన తెలియును.

ఇచ్చట నొక హెచ్చరిక కూడ నవసరము. 1540లో సంఘముగా నేర్పడిన శస్త్రవైద్యులు, మూలికావైద్యముచే పేదలకు సాయపడువారిని న్యాయస్థానముల కీడ్చి పీడింపసాగిరి. పార్లమెంటు 1542-43లో వేఱొక చట్టము చేసి, యట్టివారికి రక్షణ కల్పింపవలసి వచ్చినది. ప్రజారక్షణమునకై చేసిన కట్టడిని వృత్తివారు స్వలాభమునకై కంచెగా మార్చికొందురను భయ మానాటినుండియు కలదు. అందుచేతనే 1858నాటి వైద్యచట్టము, యోగ్యుడగు వైద్యుని అయోగ్యునినుండి వేఱుపఱచి తెలిసికొను సౌకర్యము ప్రజలకు కలుగవలెనని తన ప్రయోజనమును తొలుతనే చెప్పికొన్నది. ఆ చట్టమువలన వైద్యమండలియు, పేళ్ల పట్టికయు నేర్పడినవి. పట్టిక రోగికొఱకు, వైద్యునికొఱకు కాదు.

1902నాటి ఇంగ్లండు మంత్రసానుల చట్టము మనము ముఖ్యముగ గమనింపదగినది. చదువులేని వృద్ధమంత్రసానులను వీథిలోనికి గెంటివేయక, అప్పటికి కనీస మొకసంవత్సరము వృత్తియం దుండి సత్ప్రవర్తన గలవారిని పట్టికలో చేర్చికొనిరి. తొలిపట్టికలో సగముకంటె నెక్కువమంది యట్టివారే. వారిపై స్థానికాధికారుల పర్యవేక్షణ మేర్పఱచిరి. 1905 తరువాత పట్టికలో లేనివారు మంత్రసాని యను పేరు పెట్టుకొనరాదు. 1910 తరువాత ధనమునకై యలవాటుగ పురుళ్లు పోయరాదు. పాతవారికి గౌరవము, క్రొత్తవారికి శిక్షణము, ప్రజలకు రక్షణము — మూడును సమకూడినవి.

మదరాసు రాజధానియందు

మన దక్షిణదేశమున 1844లో మదరాసు ఎగ్మూరు ప్రసూతి వైద్యశాల స్థాపింపబడినది. 1854లో మంత్రసానులకు శిక్షణ మారంభమయ్యెను. 1914లో మదరాసు వైద్యుల రిజిస్ట్రేషను చట్టము వచ్చినది. పాశ్చాత్యవైద్యము నేర్చినవారే యా పట్టికలో చేరిరి. ఆయుర్వేదులకు చోటు లేదు. వారి వైద్యమును నిషేధింపలేదు గాని, చట్టరీత్యా చెల్లు ధ్రువపత్రము లిచ్చు నధికారము పట్టికలోనివారిదే యయ్యెను. దీనిపై దేశీయవైద్యు లాందోళనము చేయగా, 1921లో ప్రభుత్వము మహమ్మదు ఉస్మాను గారి యధ్యక్షతను సంఘము నేర్పఱచినది. 1923లో నివేదిక వెలువడినది. దాని ఫలముగా మదరాసునందు ప్రభుత్వ దేశీయవైద్యపాఠశాల వెలసినది. ఆ కాలముననే మన ఆంధ్రుడగు ఆచంట లక్ష్మీపతిగారు పాశ్చాత్యవైద్యమున పట్టము పొందియు, పండిత గోపాలాచార్యులవారియొద్ద ఆయుర్వేద మభ్యసించి, రెండు విద్యలకును సమన్వయము కూర్చుటకు పాటుపడిరి.

1926లో మదరాసు నర్సుల, మంత్రసానుల చట్టము వచ్చినది. ఆస్పత్రిలో శిక్షణ పొందినవారి కిది మార్గము చూపినది. కాని యింగ్లండున 1902లో జరిగినట్లు, ఊరూర నున్న వంశపరంపరాగత మంత్రసానులను చేరదీసి, నేర్పి, వారిపై పర్యవేక్షణ పెట్టి నడపు పని మన పల్లెలలో జరుగలేదు. 1946నాటి భోర్ సంఘనివేదిక చాలినంతమంది శిక్షితులు దొరకు వఱకు దాయీలకు శిక్షణ నిచ్చి వాడుకొనవలెనని సూచించినది. తరువాత పంచవర్షప్రణాళికలలో నట్టి శిక్షణలు నడచినవి, ఆగినవి, మరల నడచినవి. మన కులమునకు కలిగిన నిజమైన నష్ట మిదియే. చట్టము వచ్చుట నష్టము కాదు. చట్టము ద్వారము పెట్టి, యా ద్వారమునకు చేరు మెట్లు మనకు కట్టకపోవుట నష్టము.

స్వరాజ్యమునందు

స్వరాజ్యము వచ్చిన సంవత్సరముననే, అనగా 1947లో, భారతీయ నర్సింగు కౌన్సిలు చట్టము వచ్చినది. 1956లో భారతవైద్యమండలి చట్టమును, 1970లో దేశీయవైద్య కేంద్రమండలి చట్టమును వచ్చినవి. ఈ 1970 చట్టము, రాష్ట్రపట్టిక లేనిచోట అప్పటికే యయిదేండ్లు తక్కువకాకుండ వైద్యము చేయుచున్నవారి హక్కును కాపాడినది. ఆ హక్కు వారితోనే ముగియును గాని కొడుకులకు సంక్రమింపదు. తండ్రి వైద్యుడగుటచేత తాను వైద్యుడనని వాదించుటకు నేడు తావు లేదు. 2018 ఏప్రిలు 13వ తేదీన సుప్రీముకోర్టు కేరళ పారంపర్యవైద్యుల వ్యాజ్యమున, గుర్తింపుపొందిన యోగ్యతగాని పట్టికలో పేరుగాని లేనివారికి వైద్యము చేయు హక్కు లేదని తీర్పు చెప్పినది. అంతకుముందే, 1996లో, హోమియోపతి వైద్యుడు అల్లోపతి మందు లిచ్చుట స్వయముగనే నిర్లక్ష్యమని యా న్యాయస్థానమే నిర్ణయించినది. కావున పట్ట ముండిన చాలదు. ఏ విద్యయందు పట్టము కలదో యా విద్యయందే వైద్యము చేయవలెను.

2019నాటి జాతీయవైద్యకమిషను చట్టము, అనుమతి లేక వైద్యము చేయువానికి ఒక సంవత్సరము వఱకు ఖైదుగాని, అయిదులక్షల రూపాయల వఱకు జుల్మానాగాని, రెండునుగాని విధించును. 2020లో దేశీయవైద్యమునకును అట్టి కమిషను నేర్పఱచిరి. 2021నాటి చట్టము ఫిజియోథెరపీ, ప్రయోగశాలాపరీక్షలు మొదలగు అనుబంధవృత్తులను నియమములోనికి తెచ్చినది. 2023లో నర్సింగు, మిడ్‌వైఫరీ కమిషను చట్టము పార్లమెంటున నెగ్గినది.

ఫలితము కన్నులకు కనబడుచున్నది. 2005-06లో దేశమున ఆస్పత్రిప్రసవములు నూటికి 38.7 మాత్రమే. 2019-21లో నవి 88.6 అయినవి. లక్ష సజీవజననములకు 2004-06లో 254 మంది తల్లులు మరణింపగా, 2018-20లో నా సంఖ్య 97కు తగ్గినది. నవజాతశిశువుల ధనుర్వాతము నిర్మూలింపబడినదని 2015లో ప్రపంచారోగ్యసంస్థ ధ్రువపఱచినది. ఇది యొక్క చట్టములవలననే జరిగినది కాదు. టీకాలు, రోడ్లు, ఆస్పత్రులు, స్త్రీవిద్య — అన్నియు కారణములే. కాని శిక్షితహస్తము లేక యివి యన్నియు నిష్ఫలములు. ఈ లెక్కలు చూచిన పిమ్మట పాతకాలమే మేలని మనలో నెవరనగలరు?

నేటి యపాయము, మన కర్తవ్యము

చట్ట ముండగానే పని ముగియలేదు. మన పల్లెలలో ఆర్.ఎం.పి. యను మూడక్షరము లనేక గృహములపై కనబడును. వాని నిజమైన యర్థము పట్టికలో చేరిన వైద్యుడని. ఆ పలక కట్టినవారిలో పెక్కుమంది పేళ్లు ఏ పట్టికలోను లేవు. సూదిమందు, సెలైను, స్టిరాయిడు, బలమైన యాంటీబయాటికులు వీరిచేత విచ్చలవిడిగా వాడబడుచున్నవి. తాత్కాలికముగ జ్వరము తగ్గును. రోగము దాగును. రోగి డబ్బు చాలక కడపట పట్టణమునకు పోవునప్పటికి కాలము మించిపోవును. ఐనను వీరిని దూషించి యూరకుండుటయు న్యాయము కాదు. అర్ధరాత్రమున పిలిచిన వచ్చువాడు మఱియొకడు లేకపోవుటచేతనే గ్రామస్థుడు వీరిని పిలుచుచున్నాడు. యోగ్యుడగు వైద్యుని పల్లెకు పంపక, అయోగ్యుని మాత్రము శిక్షించు ప్రభుత్వము తన ధర్మమున సగమే నెఱవేర్చినదగును. కువైద్యుడు రాజదోషమువలన పుట్టునని సుశ్రుతు డన్నమాటకు నేటి యర్థ మిదియే.

మన కుటుంబములలోను కొందఱు పసరులు పోయుట, ఎముకలు కట్టుట, కామెర్లకు మందిచ్చుట యిప్పటికిని చేయుచున్నారు. వారు మంచివారని మే మెఱుగుదుము. వారియెడ గౌరవముతోనే చెప్పుచున్నాము: ఆ మార్గము మూసికొన్నది, మూసికొనుటయు ప్రజలకు క్షేమమే. విరిగిన యెముకకు బిగువుకట్టు కట్టగా రక్తప్రసారము నిలిచి కాలు తీసివేయవలసిన దుస్థితి రావచ్చును. కామెర్లలో పెక్కు తెఱగులు కలవు, కొన్ని తమంత తగ్గును, కొన్ని ప్రాణము తీయును. ఈ భేదమును పరీక్ష లేక పసరు తెలుపజాలదు. కులగౌరవమను పేర నొక్క రోగికి హాని కలిగినను ఆ గౌరవము మనకు దక్కదు.

కావున మహాసభవారి యెదుట మూడు మనవులు చేయుచున్నాము. మొదటిది: యోగ్యతాపత్రము లేక యెవ్వరును వైద్యము చేయరాదని మన సంఘమే తీర్మానింపవలెను. ఇతరులు వ్రేలు చూపకముందే మనమే కట్టడి చేసికొనుట మర్యాద. రెండవది: మన బాలబాలికలను నర్సింగు, ఆయుర్వేదము, ఫిజియోథెరపీ, ప్రయోగశాలావిద్యలకు పంపుటకై మహారాజపోషకులు విద్యార్థివేతననిధి నెలకొల్పవలెను. మన మంత్రసానుల మనుమరాండ్రు తెల్లని వస్త్రము ధరించి, పట్టికలో పేరెక్కించుకొని, ప్రసవశాలలో నిలుచుటకంటె మనకు వేఱు కీర్తి యేమున్నది? మూడవది: వృద్ధులయొద్దనున్న తాళపత్రములు, పాతకత్తులు, కొమ్ములు, మూలికల పేళ్లు, మంత్రసానుల యనుభవములు సేకరించి భద్రపఱుపవలెను. చికిత్సకై కాదు, చరిత్రకై. మనము తాకిన ప్రాణములలో నే యొక్కటియు పట్టికకెక్కలేదు. తాకినవారి పేళ్లయినను కాలగర్భమున కలియకుండుగాక.

ఒకప్పుడు గ్రంథము పండితునికిని, కత్తి మనకును పంపకమైనది. నేటి విద్యాలయముల ద్వారములు చట్టరీత్యా అందఱికిని తెఱచియున్నవి. రెండవ రెక్కను సంపాదించుకొనుట యిక మన పురుషకారముపై నాధారపడియున్నది. ధన్వంతరి మన సంఘమునకు సద్బుద్ధిని, దాతలకు దీర్ఘాయురారోగ్యములను ప్రసాదించుగాక!

స్వస్తి.